ఆరిపోయిన దీపం మళ్ళీ వెలగాలి

యోహాను సువార్త 10:22లో శీతకాలంలో వచ్చే ఆలయ ప్రతిష్ఠిత పండుగను చూస్తాము. అప్పుడు యేసు ప్రభువు దేవాలయంలోనే ఉన్నారు. యూదులు దీనిని హనుక్కా అంటారు. మన గుంటూరు జిల్లా కొత్తారెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు కూడ ఉన్నారు.

క్రీ.పూ. 164 ప్రాంతంలో యూదా మక్కబీ, అతని సహోదరులు అపవిత్రమైన ఆలయాన్ని శుద్ధిచేసి తిరిగి ప్రతిష్ఠించారు. ఒక్కరోజుకు సరిపోయే నూనె ఎనిమిది దినాలు వెలిగిందని యూదుల పారంపర్యము.

ఈ పండుగ ముఖ్యంగా ఇంటిలో జరుగుతుంది. మొదటి సాయంకాలం ఒక దీపం, మరునాడు రెండు, ఇలా ఎనిమిది వరకు వెలిగిస్తారు. నూనెకు గుర్తుగా ఉర్లగడ్డ తురుముతో అట్లు వేయించుకుంటారు. పిల్లలు నాలుగు పలకల బొంగరం తిప్పుతారు. "గిమెల్" అక్షరం పడితే కుప్పంతా వారిదే. "హే" పడితే సగం.

మన కర్నూలు, కడప ఇండ్లలో నూనెకు కొదువ లేదు. అలసంద వడలు వేయండి, బుడ్డలు కుప్పపోసి పిల్లలతో ఆడండి. అయితే ఒక ప్రశ్న. తండ్రి కువైట్‌లో, తల్లి చేనులో, పిల్లలు ఫోనులో ఉండగా, మీ కుటుంబ ప్రార్థన ఎన్నాళ్ళ క్రితం ఆగిపోయింది? పాడైన ఆలయాన్నే వారు తిరిగి ప్రతిష్ఠించారు. ఈ రాత్రి ఉన్నవారే కూర్చోండి. దూరాన ఉన్నవారికి ఫోను కలపండి. ఒక్క కీర్తన, ఒక్క ప్రార్థన చాలు. రేపు ఇంకొకటి చేర్చండి. ఆమేన్.