జవాబుల వరుస, గణన వరుస

ల్యారీ వాల్ రూపకల్పనలో 2000లో పెర్ల్ 6 పేరుతో మొదలై, 2015 డిసెంబరులో వెలువడి, 2019లో రాకు అని పేరు మార్చుకున్న ప్రోగ్రామింగ్ భాషలో, రెండు జాబితాలను ఒకే గుర్తుతో కూడటానికీ గుణించటానికీ వీలు కల్పించే హైపర్ ఆపరేటర్లు ఉన్నాయి. 1, 2, 3 అనే జాబితాకు 10, 20, 30 అనే జాబితాను ఈ పద్ధతిలో కలిపితే 11, 22, 33 వస్తాయి. ఈ మూడు కూడికలలో ఏది ముందు జరగాలన్నది మాత్రం భాష నిర్ణయించదు. ఏ కూడికా మరొకదాని ఫలితం కోసం ఎదురుచూడనక్కరలేదు కనుక, వాటిని ప్రాసెసర్‌లోని వేర్వేరు కోర్లకు పంచుకునే స్వేచ్ఛను కంపైలర్‌కు కావాలనే వదిలిపెట్టారు. పని ఎలా జరిగినా, జవాబులు మాత్రం జాబితా వరుసలోనే చేరతాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. జవాబులు వరుసగా ఉన్నాయి కాబట్టి పని కూడా వరుసగానే జరిగిందని అనుకోవటం సహజమే అయినా, అది నిలబడే ఊహ కాదు. జాబితాలోని ప్రతి అంశాన్నీ హైపర్ పద్ధతిలో తెరపై ముద్రించమంటే, ముద్రణ ఏ క్రమంలో జరుగుతుందో భాష హామీ ఇవ్వదు. ముద్రించటం, ఫైలులో రాయటం, ఉమ్మడి లెక్కను పెంచటం వంటి, జవాబు ఇవ్వటంతో పాటు బయటి స్థితిని కూడా మార్చే పనులను పార్శ్వ ప్రభావాలంటారు. వీటిని సమాంతర ఆపరేటర్లకు అప్పగించకపోవటమే క్షేమం. ఇదే భాషలో జాబితాను ముక్కలుగా పంచే రెండు మెథడ్‌లలో ‘హైపర్’ జవాబుల వరుసను కాపాడుతుంది, ‘రేస్’ దానిని కూడా వదిలేస్తుంది.

జాబితా మొత్తాన్ని ఒకే విలువగా కుదించేటప్పుడు సమస్య మరింత లోతైనది. అక్కడ ఒక మెట్టు ఫలితం తరువాతి మెట్టుకు కావాలి కనుక, పనిని పంచుకోవాలంటే ఆపరేటర్‌కు సహచర ధర్మం, అంటే కుండలీకరణాలు ఎక్కడ పెట్టినా ఫలితం మారని గుణం, ఉండి తీరాలి. తీసివేతకు అది లేదు: 1, 2, 3లను ఎడమ నుంచి తీసివేస్తే −4, కుడి నుంచి తీసివేస్తే 2. బడి గణితంలో కూడికకు ఈ గుణం ఉన్నా, దశాంశాలను ఉజ్జాయింపుగా దాచుకునే ఫ్లోటింగ్ పాయింట్ కూడికకు లేదు. 64 బిట్ల విలువలతో 0.1, 0.2లను ముందు కలిపి 0.3 చేరిస్తే 0.6000000000000001 అనీ, 0.2, 0.3లను ముందు కలిపి 0.1 చేరిస్తే 0.6 అనీ వస్తుంది. ఈ తేడాను చిన్నదని కొట్టిపారేయటం తగదు, ఎందుకంటే కోర్లకు పని పంచిన తీరును బట్టి ఒకే ప్రోగ్రాం రెండుసార్లు రెండు జవాబులు ఇవ్వగలదు.

అందుకే సీ ప్లస్ ప్లస్ భాష 2017 ప్రమాణంలో, వరుస తప్పని పాత ‘అక్యుములేట్’ను అలాగే ఉంచి, వరుసకు హామీ లేని ‘రెడ్యూస్’ను వేరే ఫంక్షన్‌గా చేర్చారు.