ప్రాసెసరు వేగము - వేసవి వేడిమి

కంప్యూటరులోని ప్రాసెసరు ఒక గడియారపు తాళమునకు లోబడి పనిచేయును. ఒక గిగాహెర్ట్జ్ అనగా సెకనుకు వంద కోట్ల తాళములు. తయారీదారు నిర్ణయించిన వేగమును మించి నడపుటయే ఓవర్‌క్లాకింగ్. 1998లో వెలువడిన ఇంటెల్ వారి సెలెరాన్ 300ఏ ఈ వేడుకకు పేరు తెచ్చినది. మదర్‌బోర్డు మూలవేగమును 66 నుండి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చి, 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసరును అనేకులు 450తో నడపిరి.

అయితే ఈ లాభము ఊరక రాదు. వేగము హెచ్చినకొలది నిలకడ కొరకు వోల్టేజిని గూడ పెంచవలసి వచ్చును. విద్యుద్వినియోగము వేగమును బట్టియు, వోల్టేజి వర్గమును బట్టియు పెరుగును. రెండింటిని నూటికి 10 చొప్పున పెంచినచో వినియోగము నూటికి 33 పెరుగును. అదంతయు వేడిమియే.

ఫ్యాను ఎంత పెద్దదైనను ప్రాసెసరును గదిలోని గాలికన్న చల్లబరుపజాలదు. కావున మన శ్రీకాకుళ, విజయనగర సీమలలో ధనుర్మాసపు తెల్లవారుజామున నిలకడగా నడచిన యంత్రమే, రోళ్లు పగులు రోహిణి కార్తెలో తడబడవచ్చును.

యంత్రము ఆగిపోయినచో మేలే, తప్పు తెలియును. ఆగక తప్పులెక్క వ్రాసినచో, ఫైలు చెడిన సంగతి చాల నాళ్లకు గాని బయటపడదు. బిడ్డ చదువును, అంగడి పద్దును ఒక్క కంప్యూటరుతోనే నడపుకొను ఇంట అది చిన్న నష్టము కాదు. తయారీదారు హామీయు సాధారణముగా దీనికి వర్తింపదు.

వేడుక వలదని మేము చెప్పము. ముఖ్యమైన ఫైళ్లకు వేరొక ప్రతి ఉంచుకొని, మెట్టుమెట్టుగా పెంచుచు, వేసవి మధ్యాహ్నమున గంటలకొలది పరీక్షించిన పిమ్మటనే ఆ వేగమును నమ్మవలెను.