దాల్చినచెక్క – మధుమేహం: వంటింటి వైద్యానికి హద్దులు

గత వేసవిలో డ్రోహెడాకు మావద్దకు వచ్చిన మా అమ్మగారు షుగరు మాత్రలు మానివేసి, మూడు వారాలుగా దాల్చినచెక్క పొడి కలిపిన వేడినీరు త్రాగుతున్నట్లు ఆలస్యంగా తెలిసింది. పరగడుపున పరీక్షిస్తే ఇక్కడి యంత్రం 13 చూపింది. 18తో హెచ్చవేస్తే మన దేశపు లెక్కలో అది 234. "వంటింటి వస్తువే కదరా, హాని ఏముంటుంది?" అన్నది ఆవిడ ప్రశ్న. దానికి సమాధానమే ఈ వ్యాసం.

ఈ నమ్మకానికి శాస్త్రీయమైన ఆధారం కొంత లేకపోలేదు. అమెరికా వ్యవసాయ శాఖలో రిచర్డ్ ఆండర్సన్ బృందం జరిపిన ప్రయోగాలలో, దాల్చినచెక్క సారం కణాలపై ఇన్సులిన్ చేసే పనికి తోడ్పడుతున్నట్లు కనిపించింది. నీటిలో కరిగే పాలీఫినాల్ పదార్థాలు అందుకు కారణమని వారు భావించారు. 2003లో పాకిస్తాన్‌లో 60 మంది రోగులపై 40 రోజుల పరిశోధన వెలువడింది. రోజుకు 1, 3, లేక 6 గ్రాముల పొడి తీసుకున్నవారిలో రక్తంలోని చక్కెర 18 నుండి 29 శాతం, కొలెస్ట్రాల్ 12 నుండి 26 శాతం తగ్గాయని అందులో పేర్కొన్నారు.

అయితే 2006లో నెదర్లాండ్స్‌లో 25 మంది స్త్రీలపై ఆరు వారాలు రోజుకు 1.5 గ్రాములతో పరిశోధించి చూస్తే ప్రయోజనం కనబడలేదు. 2013లో పలు పరిశోధనలను కలిపి పరిశీలించినపుడు పరగడుపు చక్కెర, కొలెస్ట్రాల్ కొంత తగ్గినా, రెండు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బిఎ1సి మాత్రం చెప్పుకోదగినంతగా మారలేదు. మధుమేహ చికిత్సలో ముఖ్యమైన కొలత అదే.

ఇక హాని మాట. దాల్చినచెక్కలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. పలుచని పొరలు చుట్టలా ఒకదానిలో ఒకటి ఒదిగి, సులభంగా విరిగేది సిలోను రకం. దళసరిగా, ఒకే పొరతో, గట్టిగా ఉండేది కాసియా. చవుకగా దొరికేది ఇదే. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ. అది కొందరిలో కాలేయానికి హాని చేయగలదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ నిర్ణయించిన పరిమితి, శరీరపు బరువులో కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము. 60 కిలోల మనిషికి ఇది 6 మిల్లీగ్రాములు. గ్రాము కాసియాలో సుమారు 3 మిల్లీగ్రాములుండవచ్చు గనుక, ప్రతిదినం ఒక టీచెంచా నిండుగా తీసుకుంటే పరిమితి దాటుతుంది. సిలోను రకంలో కూమరిన్ అత్యల్పం. పొడిచేసిన తరువాత రకాన్ని కంటితో గుర్తించడం కష్టం. గుళికలు కొనేవారు సీసాపై ఏ రకమో తప్పక చూడాలి.

అమ్మ వైద్యుని సలహాతో తిరిగి మాత్రలు వేసుకొంటున్నారు. పులావులో దాల్చినచెక్క యథాప్రకారం పడుతూనే ఉంది. రుచికి వాడుకొన్నంతవరకు దానితో భయం లేదు; మాత్రకు బదులుగా వాడినపుడే ప్రమాదం. మన పెద్దలు ఇక్కడికి వచ్చినపుడు వారు తెచ్చుకొన్న మందులను రోజూ వేసుకొంటున్నారా అని ఒక్కమాట అడగండి.