పక్కటెముకల సర్దుబాటు – కైరోప్రాక్టిక్ పద్ధతి, పరిమితులు

1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ నగరంలో డి.డి. పామర్ ప్రారంభించిన చికిత్సావిధానం కైరోప్రాక్టిక్. వెన్నుపూసలతోపాటు పక్కటెముకల కీళ్లను కూడా చేతులతో సవరించడం ఇందులో భాగం.

మానవ శరీరంలో 12 జతల పక్కటెముకలు ఉంటాయి. ప్రతి పక్కటెముకా వెనుకవైపు వెన్నుపూసతో కీలు ద్వారా కలుస్తుంది. ఊపిరి పీల్చినప్పుడు పైభాగపు ఎముకలు ప్రధానంగా ముందుకు, దిగువ ఎముకలు బకెట్ పిడి వలె పక్కలకు లేస్తాయి. ఈ కీళ్లలో కదలిక తగ్గి బిగుసుకున్నప్పుడు దీర్ఘశ్వాస, దగ్గు, నడుము తిప్పడం నొప్పిని కలిగిస్తాయని ఈ విధానం భావిస్తుంది.

సాధారణంగా రోగిని బోర్లా పడుకోబెట్టి, వెన్నుకు కొంచెం పక్కగా ఎముక వంపుపై అరచేతి మొదలును ఆనిస్తారు. రోగి ఊపిరి వదలడం పూర్తయ్యే సమయంలో వేగంగా, అతి స్వల్ప దూరం మాత్రమే నెడతారు. అప్పుడు వినిపించే ‘టక్’మనే శబ్దం, తొలగిన ఎముక తిరిగి స్థానంలో కూర్చున్నదనడానికి నిదర్శనం కాదు. కీలులోని ద్రవంలో వాయుకుహరం ఏర్పడటానికీ ఆ శబ్దానికీ సంబంధం ఉంది. కనుక శబ్దాన్ని చికిత్సాఫలితానికి కొలమానంగా స్వీకరించలేము.

శబ్దం కంటే ముందస్తు పరీక్ష ముఖ్యం. గుండెపోటు, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ కూడా ఛాతీనొప్పిగానే వ్యక్తం కావచ్చు. ఎముకలు గుల్లబారినవారిలో, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడినవారిలో, ఎముకలకు క్యాన్సర్ వ్యాపించినవారిలో ఈ ఒత్తిడికి పక్కటెముక విరిగే ప్రమాదముంది. ఎవరికి ఈ చికిత్స చేయకూడదో నిర్ణయించగలగడమే చికిత్సకుని నైపుణ్యానికి తొలి ప్రమాణం.