కోరలున్న ఇనుము
పాత ఉచ్చులు, బోనుల సేకరణ సరదాయే. పులులు తరిగిపోయిన ఛత్తీస్‌గఢ్‌లో మాత్రం వాటిని గుర్తుపట్టడం బాధ్యత కూడా

భిలాయ్‌లో ఇనుముకు కొదవలేదు. 1959లో ఉక్కు కర్మాగారం తొలి కొలిమి రాజుకున్నప్పటి నుంచి ఈ ఊరికి అదే బతుకు. పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఇనుము సంగతి కొట్టిన పిండే. అయినా తుక్కు కుప్పలో రెండు అర్ధచంద్రాకారపు దవడలు, మధ్యన చిన్న పలక, పక్కన స్ప్రింగు ఉన్న వస్తువు కంటబడితే అదేమిటో చెప్పగలిగేది కొందరే. అది జంతువుల్ని పట్టే ఇనుప ఉచ్చు. పలక మీద కాలు పడితే చాలు, దవడలు బిగుసుకుంటాయి.

పాశ్చాత్య దేశాల్లో ఇలాంటివి సేకరించేవారు మొదట పరికించేది ఆ పలకనే. అమెరికాలో సీవెల్ న్యూహౌస్ పేరుతో ఒనైడా సంఘం 19వ శతాబ్దిలో తయారుచేసిన ఉచ్చులకు పేరు, నెంబరు ఉండేవి. నెంబరు పెరిగేకొద్దీ జంతువూ పెద్దదే. 5వ నెంబరు ఎలుగుబంటికి. ఇంగ్లండ్‌లో ఉచ్చుల తయారీకి పేరుపడ్డ ఊరు వెడ్నెస్‌ఫీల్డ్. కుందేళ్లను పట్టే జిన్ ట్రాప్ మరీ క్రూరమైనదని అక్కడ 1958లో నిషేధించారు.

మన దగ్గర ముద్రలుండవు. చేసిన సరుకును బట్టే పోల్చుకోవాలి. డెల్టా వరిచేలల్లో ఎలుకలకు పెట్టే బుట్టనే తీసుకోండి. వంచిన వెదురు బద్ద, ఒక తాడు, నాలుగు గింజలు. ఎలుక తల దూర్చగానే తాడు బిగుస్తుంది. ఇనుము ఊసే లేదు. వెదురు పుచ్చిపోతుంది కాబట్టి పాతవి దొరకడమే అరుదు.

ఇనుము అలా కాదు, నిలిచిపోతుంది. చిక్కంతా అక్కడే. పులుల దొంగవేటగాళ్ల ఉచ్చులకూ ముద్ర ఉండదు. లారీ కమాను పట్టీలను సాగగొట్టి చేసినవీ వాటిలో ఉన్నాయి. పట్టేది కాలినే కాబట్టి చర్మం చెడదు. వేటగాడికి కావలసిందీ అదే. దొంగవేట ధాటికి 2004-05 నాటికి రాజస్థాన్‌లోని సరిస్కాలో, 2009 నాటికి మధ్యప్రదేశ్‌లోని పన్నాలో ఒక్క పులీ మిగల్లేదు. ఆ తర్వాత వేరే అడవుల నుంచి తెచ్చి వదలాల్సి వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో 2014 లెక్కల ప్రకారం 46 పులులుండగా 2022 నాటికి 17కు పడిపోయాయి. అన్నిటికీ ఉచ్చులే కారణం కాకపోవచ్చు. కానీ ఉన్నవే ఇన్ని కొద్దిగా ఉన్నప్పుడు ఒక్క ఉచ్చయినా ఎక్కువే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉచ్చును ఆయుధంగానే చూస్తుంది. వన్యప్రాణికి ఉచ్చు పన్నడమూ వేట కిందికే వస్తుంది. అందుకే సేకరించేవారు వస్తువు ఎక్కడ, ఎవరి దగ్గర దొరికిందో రాసిపెట్టుకోవడం మేలు. ఎంత పాతదైనా సరదాకి కూడా బిగించి చూడకూడదు. దశాబ్దాలు గడిచినా స్ప్రింగు ఎముక విరిచేయగలదు. కీలు దగ్గర తుప్పు రాలిపోయి లోహం మెరుస్తున్నా, కొత్త గొలుసు తగిలించి ఉన్నా అది అలమారలో పెట్టుకునే వస్తువు కాదు. ముట్టుకోకుండా అటవీ శాఖకు కబురు చేయాలి.

భిలాయ్ మైత్రీబాగ్‌లో తెల్లపులి ముందు పిల్లలు గంటల తరబడి నిలబడిపోతారు. ఆ పులి గురించి చెప్పేటప్పుడు, దాని జాతిని కాలు పట్టి నేలకూల్చే ఈ ఇనుము గురించీ ఒక మాట చెప్పాలి. తుక్కులో అది కనిపించిన రోజున గుర్తుపట్టగలిగేది వాళ్లే.