యాప్ క్యాబ్ ఢీకొన్న పాదచారికి పరిహారం ఎవరివ్వాలి?

ఫోనులోని యాప్ ద్వారా కారునో, ఆటోనో, బైకునో పిలిపించుకొనే ప్రయాణికుడికి ఆ యాప్ నడిపే సంస్థతో ఒక ఒప్పందం ఉంటుంది, డ్రైవరుకూ అదే సంస్థతో మరొక ఒప్పందం ఉంటుంది; కాని రోడ్డు దాటుతూ ఆ వాహనం కింద పడిన పాదచారికి వీరిలో ఎవరితోనూ ఏ ఒప్పందమూ ఉండదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులేనని కేంద్ర రవాణా శాఖ లెక్కలు చెబుతున్నందున, నడిచేవారి హక్కును పక్కనపెట్టదగిన చిన్న విషయంగా చూడడం న్యాయం కాదు.

ప్రయాణికుడినీ డ్రైవరునూ కలిపే ఇటువంటి డిజిటల్ మధ్యవర్తిని మోటారు వాహనాల చట్టం ‘అగ్రిగేటర్’ అంటుంది. 2019 సవరణతో చట్టంలో చేరిన ఈ నిర్వచనాన్ని అనుసరించి, ఆ సంస్థలు 93వ సెక్షను కింద రాష్ట్ర ప్రభుత్వం నుంచి లైసెన్సు పొందాలి. 2025లో కేంద్రం సవరించిన మార్గదర్శకాలు ప్రయాణికుడికి కనీసం 5 లక్షల రూపాయల బీమా ఉండాలని చెబుతున్నాయి గాని, ఆ రక్షణ వాహనం లోపల కూర్చున్నవారికే పరిమితం. అందువల్ల బయట ఉన్న పాదచారికి ప్రధానమైన ఆధారం యాప్ కాదు, ఆ వాహనానికున్న థర్డ్ పార్టీ బీమా. వాహనం వల్ల నష్టపోయిన బయటి వ్యక్తికి యజమాని తరఫున బీమా కంపెనీ పరిహారం చెల్లించే ఈ ఏర్పాటు లేకుండా, 146వ సెక్షను ప్రకారం, ఏ వాహనమూ రోడ్డెక్కకూడదు.

చిక్కు వచ్చేది తరచుగా ఇక్కడే. తెల్ల నంబరు ప్లేటున్న సొంత బైకును యాప్ ద్వారా కిరాయికి నడిపినప్పుడు, పాలసీ షరతు ఉల్లంఘన జరిగింది కనుక తమకు బాధ్యత లేదని బీమా కంపెనీ వాదించే అవకాశం ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్సు లోపాలపై ఇటువంటి వాదనే వచ్చినప్పుడు, 2004లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి, తర్వాత ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకొనేలా ఆదేశించవచ్చని చెప్పింది. ఆ సూత్రాన్ని తన కేసుకూ వర్తింపజేయమని పాదచారి కోరవచ్చు. అలాగే, తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండానే నడపవచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చడంతో, క్యాబ్ డ్రైవరు లైసెన్సును సాకుగా చూపే వాదన చాలావరకు బలహీనపడింది.

ప్రమాదం జరిగిన వెంటనే అవసరమైనది చికిత్స. 2025 మేలో అమల్లోకి వచ్చిన నగదురహిత చికిత్స పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ప్రమాదం నాటి నుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల పరిమితిలో వైద్యం అందాలి. పోలీసులు 48 గంటల్లో తొలి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో సమగ్ర నివేదికను మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రైబ్యునలుకు, అంటే ఈ పరిహారాలను తేల్చే న్యాయస్థానానికి సమర్పించాలన్నది 2022 నియమాల సారాంశం.

పరిహారానికి రెండు దారులున్నాయి. 164వ సెక్షను కింద డ్రైవరు తప్పును రుజువు చేయనక్కరలేదు. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు లభిస్తాయి, కాని దానిని స్వీకరిస్తే రెండో దారి మూసుకుపోతుంది. ఆ రెండోదైన 166వ సెక్షను కింద నిర్లక్ష్యాన్ని నిరూపించాలి, పాదచారి అజాగ్రత్త కూడా ఉందని తేలితే ఆ మేరకు మొత్తం తగ్గుతుంది, అయినా నిజమైన నష్టానికి తగిన పరిహారం వచ్చేది ఇందులోనే. ఉదాహరణకు, నెలకు 15,000 రూపాయలు సంపాదించే 35 ఏళ్ల దర్జీకి పనిచేసే శక్తి శాశ్వతంగా 30 శాతం తగ్గిందనుకుంటే, ఏడాది ఆదాయం 1,80,000కు భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపి, అందులో 30 శాతాన్ని ఆ వయసుకు సుప్రీంకోర్టు నిర్ణయించిన గుణకం 16తో హెచ్చిస్తే 12,09,600 రూపాయలవుతుంది. వైద్య ఖర్చులు, బాధకు పరిహారం దీనికి అదనం. డాక్టరు రాసిన వైకల్య శాతం ఒక్కటే కాక, ఆ గాయం ఆ వ్యక్తి వృత్తిని ఎంత దెబ్బతీసిందో చూడాలని 2011 నాటి సుప్రీంకోర్టు తీర్పు స్పష్టం చేసింది గనుక, తొందరపడి 2.5 లక్షలకు ఒప్పుకోవడం చాలా కుటుంబాలకు నష్టమే.

దరఖాస్తును ప్రమాదం జరిగిన చోటనే కాక, బాధితుడు నివసించే ప్రాంతంలోని ట్రైబ్యునలులోనూ వేయవచ్చు. ప్రమాదం నాటి నుంచి 6 నెలల్లోపు దరఖాస్తు చేయాలన్న గడువుపై సుప్రీంకోర్టులో సవాలు దాఖలైనప్పటికీ, దానిని నమ్ముకొని ఆలస్యం చేయడం ప్రమాదకరం.

యాప్ సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు. తాము కేవలం మధ్యవర్తులమని అది వాదించినా, ఆ సమయంలో డ్రైవరు ఏ ట్రిప్పులో ఉన్నాడో, వాహనం ఎక్కడుందో తెలిపే రికార్డులు దాని దగ్గరే ఉంటాయి, వాటిని తెప్పించమని ట్రైబ్యునలును కోరవచ్చు. అమెరికాలో యాప్ సంస్థ బాధ్యత ఎంతవరకన్న ప్రశ్న ఒక విషాదంతో తలెత్తింది. 2013 డిసెంబరు 31న శాన్‌ఫ్రాన్సిస్కోలో కుటుంబంతో రోడ్డు దాటుతున్న ఆరేళ్ల పాప యాప్ డ్రైవరు కారు ఢీకొని మరణించగా, అప్పుడు కారులో ప్రయాణికుడు లేడు కనుక తమ బీమా వర్తించదని సంస్థ చెప్పింది. మరుసటి ఏడాది కాలిఫోర్నియా చేసిన చట్టం ఆ సందును మూసింది: యాప్ తెరిచి పిలుపు కోసం ఎదురుచూసే సమయంలో గాయపడిన ఒక్కొక్కరికి కనీసం 50,000 డాలర్లు, పిలుపును అంగీకరించినప్పటి నుంచి ప్రయాణికుడు దిగేవరకు 10 లక్షల డాలర్ల బీమా తప్పనిసరైంది.

అగ్రిగేటర్లకు లైసెన్సులిచ్చే అధికారం ఉన్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు, ప్రయాణికుడితో సమానంగా పాదచారికీ సంస్థ తరఫున బీమా ఉండాలన్న షరతును ఆ లైసెన్సుల్లోనే చేర్చాలి.