వాల్వు ఆంప్లిఫైయరులో స్టాండ్‌బై స్విచ్చి చప్పుడు

గిటారు నేర్చిన పిల్లలలో కొందఱు వాయించుటతో తృప్తి చెందక, దానికి కావలసిన ఆంప్లిఫైయరును గూడ ఇంటిలోనే కట్టుకొనుచున్నారు. ట్రాన్సిస్టర్లు వచ్చిన పిమ్మట మన ఇండ్లలోని వాల్వు రేడియోలు అటకెక్కినవి గాని, గిటారు వాద్యకారులకు వాల్వులపై మక్కువ తీఱలేదు. తీగెను గట్టిగా మీటినపుడు వాల్వులో స్వరము ఒకింత పగిలి, గరగరతో నిండుగా మ్రోగును. అదియే వారికి ఇంపు. విడిభాగములకై బెంగుళూరు ఎస్.పి. రోడ్డును, చెన్నై రిచీ వీధిని, ముంబయి లామింగ్టన్ రోడ్డును గాలింతురు. పెట్టె పూర్తియైన దినమున పాటతోబాటు తఱచుగా ఒక ఫిర్యాదు గూడ వినబడును: "స్టాండ్‌బై స్విచ్చి వేసినపుడెల్ల స్పీకరు ఢబ్బుమనుచున్నది." ఆ చప్పుడు ఎక్కడినుండి వచ్చునో, దానిని మాన్పుట యెట్లో, ఆ స్విచ్చి చాటున దాగియున్న అపాయ మెట్టిదో తల్లిదండ్రులు తెలిసికొనుట అవసరము.

వాల్వు ఆంప్లిఫైయరులో రెండు విధములైన విద్యుత్తు పాఱును. ఒకటి 6.3 వోల్టుల స్వల్ప విద్యుత్తు. ఇది వాల్వులోని హీటరు అను తీగెను ఎఱ్ఱగా కాల్చును. రెండవది 300 మొదలు 450 వోల్టుల వఱకు ఉండు ఏకముఖ విద్యుత్తు. గోడ ప్లగ్గునుండి వచ్చు 230 వోల్టులను ట్రాన్స్‌ఫార్మరు హెచ్చించును. రెక్టిఫైయరు దానిని ఒకే దిక్కునకు మరల్చును. పెద్ద కండెన్సర్లు నీటితొట్లవలె దానిని నింపుకొని నిలుపును. వీనిలో రెక్టిఫైయరును ఆనుకొనియున్న మొదటి కండెన్సరును తొలి తొట్టి యని పిలుచుకొందము. స్టాండ్‌బై స్విచ్చి హీటర్లను వెలుగనిచ్చి, ఈ అధిక వోల్టేజిని మాత్రము ఆపును. పాటకును పాటకును నడుమ యంత్రమును మూగగా ఉంచి, మరల వెంటనే పలికించుట దీని ప్రయోజనము.

కాలిఫోర్నియాలో లియో ఫెండరు సంస్థ చేసిన పెద్ద ఆంప్లిఫైయర్లలో ఈ స్విచ్చి ఉండెడిది. 1959 నాటి బాస్‌మన్ అను ఫెండరు నమూనాను అనుసరించి, 1962 ప్రాంతమున లండనులో జిమ్ మార్షలు బృందము తమ మొదటి యంత్రమును కట్టినపుడు స్విచ్చి గూడ వెంట వచ్చెను. నేడు ఇంటిలో కట్టువారు పెక్కుమంది ఈ రెండు పటములనే ముందు పెట్టుకొందురు. కావున అవసరము విచారింపకయే స్విచ్చి చేరుచున్నది.

ఇక చప్పుడు సంగతి. స్విచ్చి వేయగానే దానికి ఆవలనున్న ఖాళీ కండెన్సర్లలోనికి విద్యుదావేశము ఒక్కసారిగా దుముకును. వాల్వుల ప్లేట్లయందు వోల్టేజి సున్ననుండి వందలకు లేచును. ఒక వాల్వునుండి మఱియొక వాల్వునకు స్వరమును అందించు చిన్న కండెన్సర్లకు స్వరమేదో కుదుపేదో తెలియదు. రెంటిని ముందుకు పంపును. చివరి జత వాల్వులు సమానముగా ఉన్నచో ఈ కుదుపు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో చాలవఱకు ఒకదానినొకటి రద్దు చేసికొనును. సమానముగా లేనిచో మిగిలినది స్పీకరునకు చేరును. ఇట్టి చిన్న శబ్దము ఒక్కసారి వినబడి ఊరకున్నచో అది సహజమే, రోగము కాదు. స్టాండ్‌బైలో పెట్టిన తరువాత కొన్ని క్షణములు గిటారు సన్నగా వినబడి ఆగుట గూడ సహజమే. తొట్లలో మిగిలినది ఖర్చగుచున్నదని అర్థము.

చిటపటలు వేఱు. అంగడిలో దొరకు టాగిల్ స్విచ్చిపై 250 వోల్టులు, 3 ఆంపియర్లు అని వ్రాసియుండును. అది ఏకాంతర విద్యుత్తునకు చెప్పిన లెక్క. మన ఇండ్లకు వచ్చు ఏకాంతర విద్యుత్తు సెకనునకు 100 మార్లు సున్నకు వచ్చును. కావున స్విచ్చి తెఱచినపుడు పుట్టిన నిప్పురవ్వ తనంతట ఆఱిపోవును. ఏకముఖ విద్యుత్తునకు అట్టి విరామము లేదు. 400 వోల్టులను ఆ చిన్న స్విచ్చితో తెంపినపుడు రవ్వ సాగి, లోపలి లోహపు మొనలను కాల్చును. కొన్ని నెలలకు అవి నల్లబడి, ఒకసారి తగులుచు ఒకసారి తగులక స్పీకరులో చిటపటలాడును. పెట్టె మూత తెఱువకయే దీనిని పరీక్షింపవచ్చును: స్విచ్చి పిడిని ఎండు కఱ్ఱపుల్లతో మెల్లగా కదపినపుడు చిటపట హెచ్చినచో దోషము ప్రాయికముగా అచ్చటనే.

ఢబ్బుమను శబ్దమునకు చోటు కనిపెట్టుటకు మొదట వాల్యూమును సున్నకు దింపి స్విచ్చి వేయవలెను. శబ్దము తగ్గినచో అది వాల్యూమునకు ముందున్న వాల్వులలో పుట్టుచున్నది. తగ్గనిచో యంత్రమును పూర్తిగా ఆపి, తొట్లు ఖాళీ అయిన పిమ్మట, చివరి జతకు స్వరమును పంచి యిచ్చు చిన్న వాల్వును ఊడదీసి మరల చూడవలెను. అప్పుడును మ్రోగినచో చివరి జతయందో స్విచ్చియందో లోపమున్నది.

చికిత్సలలో నాకు మిక్కిలి నచ్చినది చౌకయైనది. 22 కిలోఓములు, 5 వాట్ల రెసిస్టర్లు రెండింటిని వరుసగా కలిపి స్విచ్చి రెండు కొసలకు అడ్డముగా టంకము పెట్టిన చాలును. స్టాండ్‌బైలో గూడ వానిగుండా కొంత విద్యుత్తు జాఱి, ఆవలి తొట్లు కొంత నిండియుండును. స్విచ్చి వేసినపుడు దుముకు తగ్గును. ఐతే స్టాండ్‌బైలోను గిటారు సన్నగా వినబడవచ్చును. రవ్వ నణచుటకు 0.1 మైక్రోఫారాడు, 1000 వోల్టుల కండెన్సరును 100 ఓముల రెసిస్టరుతో వరుసగా కలిపి అదే చోట పెట్టుదురు. రెసిస్టరు లేక ఒట్టి కండెన్సరు పెట్టుట తప్పు. స్విచ్చి వేసినపుడెల్ల అది మొనలమీదనే తన ఆవేశమును క్రుమ్మరించి వానిని అతికించివేయగలదు.

స్విచ్చి ఉన్న తావు గూడ ముఖ్యము. రెక్టిఫైయరునకును తొలి తొట్టికిని నడుమ స్విచ్చి ఉండి, రెక్టిఫైయరు గూడ వాల్వే ఐనచో, కాగియున్న ఆ వాల్వు ఖాళీ తొట్టిని ఒక్కపెట్టున నింపవలసివచ్చును. లోపల మెఱుపు మెఱసి అది చెడుట కలదు. కావున స్విచ్చిని తొలి తొట్టికి ఆవల మార్చుదురు. శబ్దము తగ్గును, రెక్టిఫైయరు బ్రతుకును. అపాయము మాత్రము ఇచ్చటనే మొదలగును. దానిని తుదకు చెప్పెదను.

అసలు ఈ స్విచ్చి కావలయునా? హీటరు కాగకముందే అధిక వోల్టేజి వచ్చినచో వాల్వు చెడునని పలువురు నమ్ముదురు. వేల వోల్టులతో నడచు పెద్ద ప్రసార వాల్వుల విషయమున ఆ భయము తగినదే. మన రేడియో వాల్వులకు అది వర్తింపదు. బెంగుళూరులో 1954లో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఒకప్పుడు అట్టి వాల్వులను తయారుచేసెడిది. వానితో నడచిన రేడియోలను పెద్దలు ఒకే మీట త్రిప్పి, అరనిమిషము వేచి, వార్తలు వినెడివారు. స్టాండ్‌బై మాటయే లేదు. ఫెండరువారి చాంప్ అను చిన్న ఆంప్లిఫైయరులోను అది లేదు. పైగా హీటరు కాగుచు విద్యుత్తు పాఱక గంటలకొలది నిలిచియుండుట వాల్వునకే చెఱుపు. అమెరికాలో విర్ల్‌విండ్ అను తొలినాటి కంప్యూటరును నిర్మించినవారు 1940వ దశాబ్దపు చివర ఈ జాడ్యమును గుర్తించి, కాథోడు నికెలులోని సిలికాను లేశము దానికి కారణమని తేల్చిరి. వాద్యమును మూగగా ఉంచుటయే కోరిక ఐనచో, అధిక వోల్టేజి సోకని చోట, అనగా వాల్యూము మీట తరువాత, స్వరమును భూమికి కలుపు చిన్న స్విచ్చి పెట్టుట మేలు. దానికి ఢబ్బు లేదు, రవ్వ లేదు.

ఇక అపాయము. స్విచ్చి తొలి తొట్టికి ఆవల ఉన్నపుడు, పిల్లవాడు దానిని స్టాండ్‌బైలో ఉంచి ప్లగ్గు పీకినచో, తొట్టిలోని 400 వోల్టులకు పోవు దారి మూసికొనిపోవును. దీపము ఆఱును, వాల్వులు చల్లబడును, ప్లగ్గు చేతిలోనే ఉండును. ఐనను ఆ తొట్టి గంటలకొలది నిండియే యుండవచ్చును. చప్పుడు మాన్పుదమని మూత విప్పిన చేయి దానినే తాకును. అది ప్రాణాంతకము కాగలదు. స్విచ్చికి అడ్డముగా పెట్టిన రెసిస్టర్లను నమ్మరాదు. వాల్వులు చల్లబడిన పిదప వానిగుండా పాఱుటకు దారి లేదు.

కావున తొలి తొట్టి రెండు కొసల నడుమనే, 100 కిలోఓములు, 2 వాట్ల రెసిస్టర్లు రెండింటిని వరుసగా కలిపి శాశ్వతముగా టంకము పెట్టింపుడు. 47 మైక్రోఫారాడుల తొట్టి 400 వోల్టులనుండి ఒక నిమిషములోపల 5 వోల్టులకు దిగును. రెసిస్టరు తెగియుండవచ్చును గనుక మీటరుతో కొలువక ముట్టరాదు. మీటరును 600 లేక 1000 వోల్టుల ఏకముఖ విద్యుత్తు కొలతపై ఉంచి, నల్ల తీగెను ముందుగా చాసిస్సుకు క్లిప్పుతో బిగించి, ఎడమచేతిని వెనుకకు పెట్టుకొని, కుడిచేతితో ఎఱ్ఱ తీగె మొనను ప్రతి పెద్ద కండెన్సరునకు తాకించి చూడవలెను. ఈ పనిని పెద్దలలో ఒకరు ప్రక్కన నిలిచి చేయింపవలెను. మీటరు లేని యింట మూత విప్పనీయరాదు.